బొమ్మ కింద పేరు రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల రెండో శనివారం మేం ఇంటిల్లిపాదీ చెన్నై వెళ్లి, ఒక మాల్‌లో పెట్టిన చిత్రకారుడు వాన్‌గో బొమ్మల డిజిటల్ ప్రదర్శన చూసి వచ్చాం. గోడలనిండా, నేలనిండా వెలుగులో బొమ్మలు కదిలే ఇలాంటి ప్రదర్శనల ఫొటోలు పత్రికల ఆదివారం పేజీల్లో చాలాసార్లు చూశాను. వెళ్లి వచ్చినప్పటినుంచీ ఒక మాట మనసులో తిరుగుతూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

నేను తిరుపతిలో ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. బైరాగిపట్టెడలో ఉంటాం. వెళ్లింది ఐదుగురం: నేను, మా ఆయన, ఇంటర్ చదివే అబ్బాయి, ఐదో తరగతి అమ్మాయి, మా అత్తమ్మ. అత్తమ్మకు 71 ఏళ్లు. పుట్టిల్లు శ్రీకాళహస్తి. వాళ్ల నాన్న కలంకారీ పని, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే పని చేసేవారు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ గదిలో మేం నలుగురం చూసింది ఒక రకం, ఆమె చూసింది ఇంకో రకం.

తెల్లవారుజామున బస్సెక్కి పుత్తూరు, నగరి మీదుగా వెళ్లాం. టికెట్లకే 4 వేలు దాటింది. పిల్లలు ఏడాదిగా అడుగుతున్నారని జీతం వచ్చిన వారమే చూసుకుని వెళ్లాం.

లోపల చీకటి. కళ్లు అలవాటు పడేలోపే నాలుగు గోడల మీదా నీలం రంగు పారింది. నక్షత్రాలు సుడులు తిరుగుతూ మా కాళ్ల కిందికి వచ్చాయి. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుని "అమ్మా, నేల కదుల్తోంది" అంది. నాకూ కాసేపు ఒళ్లు పులకరించింది. అబ్బాయి మాత్రం తలెత్తి కప్పు వైపే చూస్తున్నాడు. 22 ప్రొజెక్టర్లు లెక్కపెట్టాడు. పక్కపక్క ప్రొజెక్టర్ల బొమ్మలు అంచుల్లో కొంచెం ఒకదాని మీద ఒకటి పడతాయట. ఆ అంచుల్లో రెండింటి వెలుగూ తగ్గిస్తారు కాబట్టి అతుకు కనిపించదట. పొద్దుతిరుగుడు పూలు వచ్చినప్పుడు ఒకచోట నిలువుగా సన్నటి గీత వాడికి దొరికింది. అది అవ్వకు చూపించాడు. "రెండు గుడ్డలు కలిపి కుట్టినచోట మా నాయన బొమ్మను ఆ కుట్టు మీదుగానే నడిపిచ్చేవాడు, అతుకు తెలియకుండా" అంది ఆమె.

కూర్చోవడానికి చోటు లేక చాలా ఇబ్బంది పడ్డాం. అంత పెద్ద హాలుకు నాలుగు స్టూళ్లు. అవీ నిండిపోయాయి. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. నేల మీద కూర్చుంటే నడిచే దారి అని లేపేశారు. మా ఆయన రెండుసార్లు అడిగాక ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చిచ్చారు. పెద్దవాళ్లకూ టికెట్ అమ్మినప్పుడు గోడ పక్కన పది కుర్చీలు వేయడం కష్టమైన పని కాదు.

కూర్చున్నాక ఆమె చూడటం మొదలుపెట్టింది. గోడ మీద ఒక్కో కుంచె గీత జానెడు వెడల్పున కనిపిస్తోంది. చాలాసేపు చూసి, "రంగు ఎంత మందంగా ఉండాదో చూడు. ఆరకముందే మళ్లా పెట్టినాడు. మాది గుడ్డలోకి ఇంకే రంగు, ఇతనిది పైన నిలబడే రంగు" అంది. నేను వాన్‌గో గురించి నాలుగైదు పుస్తకాల్లో చదివాను. నాకు ఈ మాట తట్టలేదు.

తర్వాత అడిగింది: "ఎవరమ్మా ఇతను? ఏ ఊరు? ఇది గోడ మీద ఏసిందా, గుడ్డ మీదనా? నిజంగా ఇంత పెద్దదా?"

జవాబు కోసం చుట్టూ చూశాను. ఎక్కడా ఒక్క అక్షరం లేదు. గుమ్మం దగ్గర ఇంగ్లీషులో ఒక బోర్డు ఉంది, అందులో పుట్టిన ఏడాది, చనిపోయిన ఏడాది. లోపల ముప్పై ఐదు నిమిషాలపాటు బొమ్మ వెంట బొమ్మ పోతూనే ఉంది. ఏది ఏ బొమ్మో, ఎప్పుడు వేశాడో, ఇప్పుడు ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు. నాకు తెలిసింది నేనే ఆమె చెవిలో చెప్పాను. విన్సెంట్ వాన్‌గో 1853లో నెదర్లాండ్స్‌లో పుట్టాడు. ఇరవై ఏడేళ్ల వయసులో చిత్రకారుడు కావాలని నిర్ణయించుకున్నాడు. పదేళ్లలో 860 దాకా తైలవర్ణ చిత్రాలు వేశాడు. 1890లో, 37 ఏళ్లకే చనిపోయాడు. ఆ నక్షత్రాల రాత్రి బొమ్మ 1889 జూన్‌లో వేసింది. అప్పుడతను దక్షిణ ఫ్రాన్స్‌లోని సెయింట్ రెమీలో మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. తన గది కిటికీలోంచి తెల్లవారకముందు కనిపించిన ఆకాశం అది. కింద ఉన్న ఊరు మాత్రం కిటికీకి కనిపించేది కాదు, మనసులోంచి వేశాడు. అసలు బొమ్మ కాన్వాసు గుడ్డ మీద ఉంది. వెడల్పు 92 సెంటీమీటర్లు, ఎత్తు 74. న్యూయార్క్‌లోని ఒక మ్యూజియంలో ఉంది.

మా అమ్మాయి నమ్మలేదు. ఇంటికి వచ్చాక టేపు తెచ్చి, హాల్లో గోడ మీద సుద్దముక్కతో 92కు 74 కొలిచి గీత గీశాను. "ఇంతేనా?" అంది. ముఖం చిన్నబోయింది. కాసేపటికి స్టూలు ఎక్కి ఆ గీతల మధ్యలో చెయ్యి పెట్టి సుడులు తిప్పుతోంది. ఒక మనిషి ఒక చేత్తో ఎక్కడినుంచి ఎక్కడికి అందుకుని వేశాడో దానికి అప్పుడు తెలిసింది. ఆ కొలతల గీత ఒకటి ప్రదర్శన గోడ మీదే గీసి ఉంటే ఎంత బాగుండేది! అక్కడికి వచ్చిన పిల్లల్లో చాలామంది అసలు బొమ్మ మేడ గోడంత ఉంటుందనుకునే వెళ్లి ఉంటారు.

మర్నాడు ఉదయం గోంగూర ఒలుస్తూ అత్తమ్మ మళ్లీ ఆ మాటే ఎత్తింది. "సంసారం లేనోడు అంటివి కదా, మరి అన్ని బొమ్మలు దాచిందెవరు?" తమ్ముడి భార్య దాచింది అని చెప్పాను. వాన్‌గో పోయిన ఆరు నెలలకే తమ్ముడు థియో కూడా పోయాడు. అతని భార్య జోహానా చంటిబిడ్డతో మిగిలింది. ఆ బొమ్మల్నీ, అన్న తమ్ముడికి రాసిన ఉత్తరాల్నీ ఆమె పారేయలేదు. ప్రదర్శనలు పెట్టించింది. 1914లో ఉత్తరాలు అచ్చు వేయించింది. ఇవాళ చెన్నైలో గోడలనిండా వాన్‌గో కనిపిస్తున్నాడంటే అందులో ఆమె చలవ చాలా ఉంది. ఆ హాల్లో ఆమె పేరు వినబడలేదు, కనబడలేదు.

అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మా నాయన గుడ్డలు మూటలు మూటలుగా మద్రాసుకు పోయినాయి. ఒక్కదాని మీద కూడా పేరు లేదు."

సంపాదకుల వారికి నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ పటం దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు, మధ్యలో పెద్ద బొమ్మ, చుట్టూ వరసలుగా చిన్న బొమ్మలు, బొమ్మల వరస కింద తెలుగులో కథ రాసి ఉంటుంది. బొమ్మ చూస్తూ చదువుకోవచ్చు, చదువు రానివాళ్లకు పక్కనున్నవాళ్లు చదివి చెప్పొచ్చు. గుడిలో దేవుడి వెనక కట్టినా, ఇంకెక్కడ పరిచినా, చూసేవాళ్లను అయోమయంలో వదిలేయదు. కథలోని ప్రతి పాత్రకూ పేరు రాసిన ఆ చేతులు తమ పేరు మాత్రం రాసుకోలేదు.

ఆ పని ఎంత కష్టమో మా ఇంట్లో రోజూ వింటుంటాం. గుడ్డను కరక్కాయ రసంలో, గేదె పాలల్లో నానబెట్టి ఆరేయాలి. పాలలోని కొవ్వు వల్ల రంగు చెదరదు. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీయాలి. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి దారం కట్టిందే కలం, దాన్ని వేళ్లతో నొక్కితే రంగు కిందికి దిగుతుంది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరితే నలుపు. పటిక పెట్టినచోట చిరివేరు ఎరుపు పట్టుకుంటుంది. ప్రతి రంగుకూ ఒక ఉతుకు, అదీ పారే నీళ్లలో. అత్తమ్మ చిన్నప్పుడు సువర్ణముఖి ఇసుక మీద ఆరేసిన పటాలకు ఆవులు రాకుండా కాపలా కూర్చునేదట. జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆమె ఊళ్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయిందని మా ఆయన చెబుతారు.

ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు ఈ పటాల్నీ ఫొటో తీసి, గోడలంత పెద్దవి చేసి, సంగీతం పెట్టి టికెట్లు అమ్ముతారు. అమ్మాలనే నేను కోరుకుంటున్నాను. అది చెన్నైలోనో బెంగళూరులోనో కాకుండా ముందు తిరుపతిలో జరగాలి. రోజూ 60 వేలకు పైగా యాత్రికులు కొండకు వచ్చే ఊరు ఇది. కలంకారీ నేర్పే టీటీడీ శిల్ప విద్యాసంస్థ ఇక్కడే ఉంది. తిరుచానూరు రోడ్డులో శిల్పారామం ఉంది. చంద్రగిరి కోటలో సౌండ్ అండ్ లైట్ షో మనం చూసినవాళ్లమే, ఆ అనుభవం కొత్తదేం కాదు. పర్యాటక శాఖ వారు, టీటీడీ వారు కలిసి ఒక వేసవి సెలవులకైనా ఇది చేయాలని నా విన్నపం.

చేసేటప్పుడు కదిలే బొమ్మలతో సరిపెట్టవద్దు. ఒక మంచి వెలుతురున్న గదిలో అసలు పటాన్ని కూడా వేలాడదీయండి. పక్కన దాని కొలత రాయండి. కలం పట్టి పనిచేసే మనిషిని కూర్చోబెట్టి ఆ రోజు కూలి ఇవ్వండి. అన్నింటికన్నా ముందు, వేసినవాళ్ల పేరు తెలుగులో, దూరంనుంచి కనబడేంత అక్షరాల్లో రాయండి. పేరు తెలియని పాత పటమైతే ఏ ఊరిదో, ఎవరింట దొరికిందో రాయండి. ప్రభుత్వ బడి పిల్లలకు టికెట్ పెట్టకండి. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు శ్రీకాళహస్తికి గుడికి వెళ్లినవాళ్లే గానీ, కలంకారీ కలం పట్టుకుని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. పోయిన సోమవారం చేతులెత్తమని అడిగి చూశాను.

మా ఇంట్లో ఒక పటం మిగిలింది. గజేంద్రమోక్షం, రెండు గజాల గుడ్డ. ఒక మూల ఎలుక కొట్టింది, నలుపు మాత్రం ఇప్పటికీ నలుపుగానే ఉంది. అలాంటి ప్రదర్శన తిరుపతిలో పెడితే దాన్ని ఇస్తానని అత్తమ్మ ఒప్పుకుంది. డబ్బులేం అక్కర్లేదంది. వాళ్ల నాన్న పేరు ఈ ఉత్తరంలో రాయబోతే వద్దంది, ఆ గుడ్డ పక్కనే మొదటిసారి రాయాలట.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉపాధ్యాయురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి