నర్సింగ్ ఫెసిలిటీలో డాక్టర్ రోజూ రారు

ఎడిటర్ గారికి నమస్కారం.

అమెరికాలో పెద్దవాళ్లను నర్సింగ్ హోమ్‌లో పడేస్తారని మనవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. ఆ గొడవ నాకొద్దు. అక్కడ రోజు ఎలా గడుస్తుందో తెలియక కుటుంబాలు పడే టెన్షన్ గురించే ఈ ఉత్తరం.

తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక మా అత్తగారిని హాస్పిటల్ నుంచి స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీకి, అంటే కోలుకునేదాకా నర్సింగ్, థెరపీ ఇచ్చే చోటుకి పంపారు. పొద్దున్నే డాక్టర్ రౌండ్స్‌కి వస్తారని చూస్తూ కూర్చున్నాం, రాలేదు. ఫెడరల్ రూల్ ప్రకారం మొదటి 90 రోజుల్లో డాక్టర్ 30 రోజులకోసారి చూస్తే చాలట! రిజిస్టర్డ్ నర్సు రోజుకి 8 గంటలుంటే సరిపోతుంది, మిగతా వేళల్లో వేరే లైసెన్స్‌డ్ నర్సు ఉంటారు.

స్నానం, తిండి, బాత్రూమ్, మంచం మీద అటూ ఇటూ తిప్పడం, ఇవన్నీ నర్సింగ్ అసిస్టెంట్ల చేతిలో ఉంటాయి. వాళ్లకి ఫెడరల్ రూల్ అడిగే ట్రైనింగ్ కనీసం 75 గంటలు. మా అత్తగారిని చూసినావిడ చెయ్యి ఎంత మెత్తనో చెప్పలేను, కానీ ఆవిడ ఒక్కతే ఎంతమందికని పరిగెత్తుతుంది? బెల్లు కొట్టాక ఎవరూ రాకపోతే కొందరు సొంతంగా లేచి పడిపోతారు, మా అత్తగారైతే బాత్రూమ్‌కి మాటిమాటికీ పిలవడం మొహమాటమై నీళ్లు తాగడమే తగ్గించేశారు, నోరెండిపోయి మాట తడబడేదాకా మాకు తెలియలేదు. భోజనాల వేళ వెళ్తే ఇలాంటివి కనిపిస్తాయి, సాయంత్రం పళ్లు పట్టుకెళ్లి పలకరించి వచ్చేస్తే కనపడవు.

చేరిన 48 గంటల్లో మొదటి కేర్ ప్లాన్, అంటే మనిషిని ఎలా చూసుకోవాలో చెప్పే కాగితం రాయాలి, ఆ తర్వాత మీటింగ్ పెడతారు. కుటుంబం అందులో కూర్చోవచ్చు. తెలుగు తప్ప రాదు, మాంసం తినరు, స్నానం పొద్దున్నే కావాలి అని అక్కడే రాయించండి, ఎందుకంటే షిఫ్ట్ మారగానే నోటిమాట గాల్లో కలిసిపోతుంది. ఇంటర్‌ప్రెటర్‌ని వాళ్లే ఉచితంగా ఏర్పాటు చేయాలి, అడగడానికి సిగ్గుపడొద్దు.

చోటు ఎంచుకునేటప్పుడు మనవాళ్లు లాబీలో సోఫాలు చూసి మురిసిపోతారు. ఆ రోజు డ్యూటీలో ఎంతమంది ఉన్నారో అందరికీ కనిపించేలా పెట్టాలని రూలుంది, ఆ కాగితం చూడండి. మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) వాళ్ల కేర్ కంపేర్ సైట్‌లో శని ఆదివారాల సిబ్బంది లెక్క కూడా ఉంటుంది. ఒక్కో మనిషికి రోజుకి కనీసం 3.48 గంటల నర్సింగ్ కేర్ ఉండాలని 2024లో రూల్ తెచ్చారు, 2025లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. కాబట్టి మనం చూసుకోవాల్సిందే.

డబ్బు సంగతి. ప్రభుత్వమే నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్‌లో ముందు 3 రోజులు హాస్పిటల్‌లో ఇన్‌పేషెంట్‌గా, అంటే అడ్మిట్ అయి ఉండాలి, అప్పుడే 100 రోజుల వరకు కవరేజీ, అందులో మొదటి 20 రోజులకే పూర్తిగా, తర్వాత రోజువారీ వాటా మనది. అదే మంచం మీద, అడ్మిట్ చేయకుండా ‘అబ్జర్వేషన్’ (పరిశీలన) అని రాసి ఉంచితే ఆ రోజులు లెక్కకు రావు! హాస్పిటల్‌లో ఉన్నప్పుడే అడిగి తెలుసుకోవాలి. ఈ ఒక్క విషయం మీద మీ పత్రిక వివరంగా కథనం వేస్తే చాలా ఇళ్లకి మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, న్యూజెర్సీ