మొదటి గంటలో నల్లగొండకు ఎవరొస్తారు?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఎప్పటికైనా తిరిగి బతికించవచ్చన్న ఆశతో, మరణించాక దేహాన్ని గడ్డకట్టించి భద్రపరిచే సభ్యత్వం, జవాబు రాని ప్రశ్న.

అయ్యా,

మా నాన్నగారి సభ్యత్వ రుసుము ఏ ఏడూ గడువు దాటనివ్వలేదు. కట్టమనే మెసేజ్ మీ దగ్గర్నుంచి ఠంచనుగా వస్తుంది. మేం అడిగినదానికి మాత్రం జవాబు రాదు.

ప్రాణం పోయిన మొదటి గంటలో నల్లగొండకు ఎవరొస్తారు? ఇదొక్కటే అడిగాం. టోల్‌ఫ్రీలో అమ్మాయి మెయిల్ పెట్టమంది. పెడితే ఫిర్యాదు నంబరు వచ్చింది, జవాబు రాకుండానే ‘పరిష్కారమైంది’ అని మూసేశారు. హైదరాబాద్ ప్రతినిధి అది అమెరికా టెక్నికల్ టీమ్ పని అన్నారు. అక్కడ పగలు చూసుకుని ఫోన్ చేస్తే, ఇండియా సభ్యుల సంగతి హైదరాబాద్‌లోనే అడగమన్నారు. ఇంకొకాయన, “మీ నాన్నగారు బాగానే ఉన్నారు కదా సార్, తొందరేముంది? అప్పుడు ఫ్రీజర్ బాక్సులో పెట్టండి, మేం చూసుకుంటం” అన్నారు. కొడుకుతో అనే మాటేనా ఇది?

ఫ్రీజర్ బాక్సు చర్మం మీద నుంచి మెల్లగా చల్లబరుస్తుంది. లోపల మెదడు చల్లబడటానికి గంటలు పడుతుంది, అది దెబ్బతినడం మొదలయ్యేది మాత్రం గుండె ఆగిన కొన్ని నిమిషాలకే. వెంటనే మంచునీళ్లలో పెట్టాలి. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు ఇచ్చి, ఛాతీ నొక్కుతూ అది ఒళ్లంతా తిరిగేటట్లు చూడాలి. తర్వాత రక్తం తీసేసి, మంచు స్ఫటికాలు పుట్టనివ్వని ద్రావణం ఎక్కించాలి. రక్తం గడ్డకడితే ఆ ద్రావణం మెదడంతా చేరదు. చేరనిచోట నీరు మంచై కణజాలాన్ని చీలుస్తుంది. మే నెల ఎండల్లో, హైదరాబాద్‌కు 100 కిలోమీటర్ల దూరాన ఉన్న ఊళ్లో ఇవన్నీ ఎవరు చేస్తారు?

ఇంకోటి. దేహాన్ని విమానంలో విదేశానికి పంపాలంటే మరణ ధ్రువపత్రం, పోలీసుల ఎన్‌ఓసీతో పాటు ఎంబామింగ్ సర్టిఫికెట్ అడుగుతారు. ఎంబామింగంటే ఫార్మలిన్ ఎక్కించడమే. ఆ రక్తనాళాల్లోకే మళ్లీ మీ ద్రావణం ఎట్ల పోతుంది? మినహాయింపు తెస్తామంటే ఎవరి దగ్గర్నుంచి? పోస్టుమార్టం చేయాల్సి వస్తే ఏం చేస్తారు? ఈ ప్రశ్నలు వింటూనే ‘లైన్‌లో ఉండండి’ అంటారు, తర్వాత ఫోన్ కట్టవుతుంది.

తిరిగి బతికిస్తామని రాసివ్వమనలేదు. 1967లో ఇలా భద్రపరిచిన మొదటి మనిషి జేమ్స్ బెడ్‌ఫోర్డ్‌తో మొదలుపెట్టి నేటిదాకా ఒక్కరూ లేవలేదని తెలిసే చేరాం. మైనస్ 196 డిగ్రీలకు చల్లారేటప్పుడు అవయవాలు పగులుతాయనీ తెలుసు. కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ శ్మశానంలో డబ్బు చాలక, ఆ చలిని నిలిపే ద్రవ నైట్రోజన్ నింపేవాళ్లు లేక, ఇలా భద్రపరిచిన దేహాలు కరిగి కుళ్లిపోయాయి. అది తెలిసే నాన్నగారు మిమ్మల్ని నమ్మారు, బంధువులు వద్దన్నా వినకుండా. ఆ పెద్దాయన నమ్మకానికి మీరిచ్చిన విలువ ఒక మూసేసిన ఫిర్యాదు నంబరా?

వచ్చేవాళ్ల పేర్లు, వాళ్లుండే ఊరు, తెచ్చే సామాను, అనుమతుల కాపీలు రాతపూర్వకంగా పంపండి. లేదంటే కట్టినదంతా వడ్డీతో వాపసు ఇవ్వండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేముండే చోటే కేసు వేయొచ్చు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాం. మీ సభ్యులలో మాకు తెలిసినవాళ్లందరికీ ఈ లేఖ పంపుతాం.

ఇట్లు,
మీ సభ్యుడి కుమారుడు,
నల్లగొండ