పిన్‌బాల్ యంత్రానికి నూనె కొట్టమనకండి

సంపాదకుల గారికి నమస్కారం.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల కోసం మీరు నడిపే పేజీలో, పాత పిన్‌బాల్ యంత్రాన్ని (వాలుగా ఉన్న బల్ల మీద ఉక్కు బంతిని కొడుతూ ఆడే ఆటపెట్టెను) ఇంటి బేస్‌మెంట్‌లోనే ఎలా బాగుచేసుకోవాలో ఇటీవల ఒక వ్యాసం వేశారు. ఇలాంటి పని గురించి తెలుగులో రాయడమే అరుదు. అందుకు సంతోషం. కానీ అందులోని మూడు సలహాలు పాటిస్తే యంత్రం పాడవుతుంది, ఒకదానితో ఇంటికే ప్రమాదం. బిగుసుకుపోయిన భాగాల మీద స్ప్రే నూనె కొట్టమన్నారు. మాటిమాటికీ పోయే ఫ్యూజు స్థానంలో పెద్దది వేయమన్నారు. అరిగిన ప్లేఫీల్డ్‌ను, అంటే బంతి దొర్లే పలకను, ఉప్పుకాగితంతో రుద్ది రంగు వేయమన్నారు. ఆ పేజీ చూసి పని మొదలుపెట్టబోయే పాఠకుల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు ఏ యంత్రం గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. ఫ్లిప్పర్లతో, అంటే బటన్ నొక్కితే బంతిని పైకి కొట్టే చిన్న చేతులతో, ఆట మొదలైంది 1947లో, షికాగోలోని గాట్లీబ్ కంపెనీ తెచ్చిన హంప్టీ డంప్టీతో. అక్కడి నుంచి 1970ల చివరి దాకా వచ్చిన యంత్రాల్లో దాదాపు అన్నీ ఎలక్ట్రో మెకానికల్ రకమే. లోపల చిప్ అనేది ఉండదు. రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు), స్టెప్పర్ యూనిట్లు (ఒక్కో మెట్టుగా తిరిగి లెక్క ఉంచే భాగాలు), స్కోరు రీళ్లు (అంకెల చక్రాలు), వీటన్నిటినీ వరసలో నడిపించే ఒక స్కోరు మోటారు, వందల కొద్దీ స్విచ్ పాయింట్లు, బోలెడంత వైరు. కాయిల్ (కరెంటు రాగానే లోపలి ఇనుప కడ్డీని, అంటే ప్లంజర్‌ను, లాగే తీగచుట్ట) తనంతట తాను చచ్చిపోవడం చాలా తక్కువ. పాయింట్లకు మసి పట్టడం, గ్రీజు గట్టిపడటం, స్విచ్ రేకులు వంగిపోవడం, టంకం ఊడిపోవడం: తొంభై పాళ్లు రోగాలు ఇవే. అంటే కొత్త సామాను కొనే ముందు చెయ్యాల్సింది శుభ్రం చెయ్యడం.

యంత్రం ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టి చూడాలనిపిస్తుంది. పెట్టకండి. అప్పట్లో చాలావాటికి రెండు పిన్నుల తీగే ఉండేది, ఎర్తు లేదు. దాన్ని తీసేసి మూడు పిన్నుల తీగ వేయాలి. నల్ల వైరు నేరుగా మెయిన్ ఫ్యూజుకు, అక్కడి నుంచి స్విచ్చుకు పోవాలి. తెల్లది న్యూట్రల్. పచ్చ వైరును ట్రాన్స్‌ఫార్మర్ చట్రానికి, నాణేల తలుపుకు, పక్కనున్న లోహపు పట్టీలకు, ముందు పట్టీకి, అంటే ఆడేవాళ్ల చెయ్యి తగిలే ప్రతి లోహానికి కలపాలి. మీ వ్యాసంలో ‘లోపల ఇరవై నాలుగు వోల్టులే కాబట్టి భయం లేదు’ అన్నారు. గాట్లీబ్ యంత్రంలో కాయిళ్లకు 24 నుంచి 30 వోల్టులు, బల్బులకు 6 వోల్టులు అన్నది నిజమే. కానీ ట్రాన్స్‌ఫార్మర్‌కి వచ్చేది 120 వోల్టులు. పైగా కొన్ని పాత గాట్లీబ్ యంత్రాల్లో దీపాలన్నీ ఆరిపోయాక కూడా ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు అందుతూనే ఉంటుంది. చెయ్యి పెట్టే ముందు స్విచ్చు ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి.

తొలిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన ఊళ్లలో ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బల్బే ఇక్కడా మంచి కాపలా. లోపలి దీపాల ఫ్యూజు, కాయిళ్ల ఫ్యూజు రెండూ తీసేసి, 100 వాట్ల పాతరకం తీగ బల్బును మెయిన్‌కి సిరీస్‌లో పెట్టండి. బల్బు మసకగా ఉన్నా, వెలగకపోయినా ట్రాన్స్‌ఫార్మర్ బాగున్నట్టే. ధగధగా వెలిగితే లోపల షార్టు. ఫ్యూజులు తీయకుండా ఈ పరీక్ష చేస్తే ప్రయోజనం లేదు, యంత్రం లోపలి దీపాలే దాదాపు వంద వాట్లు లాగుతాయి, కనుక బాగున్న యంత్రానికి కూడా సిరీస్ బల్బు వెలుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ సరే అనుకున్నాక సిరీస్ బల్బు తీసేసి, ఒక్కో ఫ్యూజూ వేసుకుంటూ పోవాలి.

ఇక ఫ్యూజు మాట. స్కీమాటిక్‌లో (యంత్రం వైరింగ్ పటంలో) ఏ అంకె ఉంటే అదే వేయాలి. స్లో బ్లో (కాస్త ఆలస్యంగా పోయే రకం) అని ఉంటే స్లో బ్లోనే. ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతోందంటే ఏదో కాయిల్ వదలకుండా పట్టుకుని ఉందనో, ఎక్కడో రెండు రేకులు తగులుకున్నాయనో అర్థం. పెద్ద ఫ్యూజు వేస్తే ఆ భారం కాయిల్ మీద పడుతుంది. బంతిని తన్నే బంపరు కాయిల్‌కి క్షణకాలం కరెంటు తగలాలి గానీ నిమిషం పాటు కాదు. అలా పట్టుకుని ఉంటే కాసేపట్లోనే పొగ వస్తుంది, లోపలి గొట్టం కరిగి ప్లంజర్ అతుక్కుపోతుంది. చుట్టూ ఉన్నది ఎండిన చెక్కపెట్టె. అనుమానమున్న కాయిల్‌ను పట్టుకోవడానికి సులువైన దారి పోల్చి చూడటం. ప్లగ్గు పీకి, కాయిల్ ఒక కొస టంకం విప్పి మల్టీమీటర్‌తో ఓములు చూడండి. అదే యంత్రంలో ఒకే నంబరున్న కాయిళ్లు మూడు ఉంటే మూడింటికీ దాదాపు ఒకే లెక్క రావాలి. ఒకటి మాత్రం బాగా తగ్గితే లోపల చుట్లు కాలి కలిసిపోయినట్టు. ఫ్యూజు పట్టుకునే క్లిప్పులను కూడా చూడండి. అవి వదులై నల్లబడితే అక్కడే వేడెక్కి, ఏ లోపమూ లేకపోయినా ఫ్యూజు పోతుంది.

డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు ఈ పెట్టెలోకి అసలు రాకూడదు. వాటిలోని ద్రావకం మండుతుంది. ఈ యంత్రంలో ప్రతి పాయింటూ తెరుచుకున్నప్పుడల్లా చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఆ రెండూ ఒకచోట చేరకూడదు. ఆవిరి పోయాక మిగిలే నూనె దుమ్మును, రవ్వల మసిని పట్టుకుని బంకలా తయారవుతుంది. ఏ గ్రీజు గట్టిపడి స్టెప్పర్ ఆగిందో ఆ రోగమే రెట్టింపై తిరిగొస్తుంది. కాయిల్ ప్లంజర్ నైలాన్ గొట్టంలో పొడిగానే కదలాలి. కదలకపోతే గొట్టం మార్చాలి, అంతే.

స్టెప్పర్ యూనిట్‌ను విప్పే ముందు రెండు పక్కల నుంచీ ఫొటో తీయండి, స్ప్రింగు ఎన్ని చుట్లు బిగించి ఉందో లెక్కపెట్టి రాసుకోండి. ఈ అంకె పోతే తిరిగి బిగించేటప్పుడు గంటలు పోతాయి. ఇరుసును, అది తిరిగే రంధ్రాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డకు నలుపు అంటనంత వరకూ తుడవాలి. రాగి రివెట్లున్న బేకలైట్ పలకను పచ్చ స్కాచ్‌బ్రైట్ పీచుతో మెల్లగా రుద్దాలి. ఇనుప పీచు వద్దు, దాని పోగులు రాలి పాయింట్ల మధ్య షార్టు చేస్తాయి. ఆ రివెట్ల మీద తిరిగే లోహపు వేళ్ల కింద మాత్రం అరుగుదల తగ్గడానికి టెఫ్లాన్ గ్రీజు చాలా పలచగా, వేలితో రాసి తుడిచేసినంత చాలు. బిగించాక చేత్తో ప్లంజర్ నొక్కుతూ ఒక్కో మెట్టూ చివరిదాకా ఎక్కించండి, తర్వాత రీసెట్ మీట వదలండి. ఒక్క ఊపులో సున్నాకి రావాలి. మధ్యలో ఆగితే జిడ్డు ఇంకా పోలేదు. జిడ్డు లేకపోయినా ఆగుతోందంటే స్ప్రింగును ఒక అర చుట్టు పెంచండి.

అసలు పని స్విచ్ పాయింట్ల దగ్గర ఉంది, ఓపికంతా దీనికే దాచుకోవాలి. ముందుగా రేకుల కట్టను బిగించే రెండు స్క్రూలు బిగించండి. ఏళ్లు గడిచేసరికి మధ్యనున్న పలకలు ముడుచుకుని కట్ట వదులవుతుంది. ఇది చేయకుండా రేకులు సర్దితే రేపు మళ్లీ మారిపోతాయి. వెండి పాయింట్లను సన్నని ఫ్లెక్స్‌స్టోన్ ఆకురాయితో రెండు మూడు సార్లు లాగితే సరిపోతుంది. తర్వాత ఆల్కహాల్‌లో ముంచిన తెల్లకాగితం ముక్కను వాటి మధ్య పెట్టి లాగండి, మసి కాగితానికి అంటుతుంది. మామూలు ఇనుప ఆకురాయి పనికొచ్చేది ఫ్లిప్పర్ల దగ్గరుండే టంగ్‌స్టన్ పాయింట్లకు మాత్రమే. తెరిచి ఉన్నప్పుడు ఖాళీ సుమారు మిల్లీమీటరున్నర, మూసుకున్నప్పుడు రెండో రేకు కూడా కొద్దిగా కదలాలి. ఆ చిన్న కదలికే పాయింట్లను ఒకదానిమీద ఒకటి రాపాడించి వాటిని శుభ్రంగా ఉంచుతుంది. పాయింటు దగ్గర కాదు, కట్ట మొదట్లో పట్టుకుని వంచాలి.

స్టార్టు బటన్ నొక్కగానే మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంటే కంగారు పడి మోటారు మార్చేస్తున్నారు. మోటారుకు ఏమీ కాలేదు. స్కోరు రీళ్లన్నీ సున్నాకి చేరేదాకా అది తిరగాల్సిందే. ఏదో ఒక రీలు సున్నా చేరలేదు, లేదా చేరినా దాని సున్నా స్విచ్చు ఆ సంగతి చెప్పడం లేదు. ఆ స్విచ్చు తుడిస్తే మోటారు నిలుస్తుంది.

ఫ్లిప్పరు బలహీనంగా కొడుతుంటే కొత్త కాయిల్ కొనే ముందు రెండు చోట్ల చూడండి. ఒకటి క్యాబినెట్ పక్కన బటన్ వెనుక పాయింటు. రెండోది కాయిల్ దగ్గరే ఉండే ఎండ్ ఆఫ్ స్ట్రోక్ స్విచ్. ఫ్లిప్పరు కాయిల్‌లో రెండు చుట్టలు ఉంటాయి, కొట్టడానికి లావు తీగది, పైకెత్తి పట్టుకోవడానికి సన్న తీగది. ఆ స్విచ్ మూసి ఉన్నంతసేపూ సన్న చుట్ట పక్కకు తప్పుకుని ఉంటుంది. ఫ్లిప్పరు పూర్తిగా లేచాక స్విచ్ తెరుచుకుని సన్న చుట్టను దారిలోకి తెస్తుంది, కరెంటు తగ్గుతుంది. పాయింటుకు మసి పడితే దెబ్బలో బలం ఉండదు. అసలు తెరుచుకోకపోతే, బటన్ పట్టుకుని ఉన్నంతసేపూ లావు చుట్టలో పూర్తి కరెంటు పారి కాయిల్ కాలిపోతుంది. పూర్తిగా లేచినప్పుడు ఖాళీ మిల్లీమీటరున్నర నుంచి మూడు దాకా ఉంటే చాలు.

ప్లేఫీల్డ్ మీద ఉప్పుకాగితం గురించి గట్టిగా చెప్పాలి. ప్లైవుడ్ మీద ముద్రించిన రంగు పొర కాగితమంత పలచన, దానిమీద లక్క పూత ఇంకా పలచన. పోయిన రంగును తిరిగి తేలేం. పొడి దుమ్ము వాక్యూమ్‌తో తీసి, నాఫ్తాతో (త్వరగా ఆవిరయ్యే, మండే ద్రావకం) తడిపిన మెత్తని గుడ్డతో మైనం, రబ్బరు మరకలు తుడవండి. పక్కన ఏ మంటా ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. నీళ్లు కలిసిన క్లీనర్లు పగుళ్లలోంచి చెక్కలోకి దిగి ఉబ్బిస్తాయి. ఆ తర్వాత నోవస్ 2 పాలిష్, చివరగా కార్నౌబా మైనం. రంగు లేచిపోయిన చోట మాత్రమే సన్న కుంచెతో యాక్రిలిక్ అద్దాలి. రెండు భాగాలు కలిపే కారు క్లియర్‌కోట్ వేయాలనుకుంటే అది బేస్‌మెంట్‌లో వద్దు. అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, మామూలు మాస్కు ఆపదు. కార్లకు రంగేసే షాపుకే ఇవ్వండి. బంతిని మాత్రం తప్పక మార్చండి. గుంటలు పడ్డ పాత బంతి 80 గ్రాముల ఆకురాయి. వెనక కాళ్ల అడుగున ఉండే మరలు తిప్పి వాలు మూడున్నర డిగ్రీలకు తెచ్చుకోండి. తర్వాతి కాలపు యంత్రాలకు చెప్పే ఆరున్నర డిగ్రీలు వీటికి పెడితే ఫ్లిప్పర్లు బంతిని పైదాకా కొట్టలేవు.

యంత్రం వెనుక నిలువుగా ఉండే బ్యాక్‌గ్లాస్ మీది బొమ్మ అద్దం వెనుక వైపున ముద్రించి ఉంటుంది. వెనుక తడిగుడ్డ పెడితే పెచ్చులు లేస్తాయి, టేపు అంటిస్తే బొమ్మే ఊడొస్తుంది. దాన్ని ఎక్కువగా చంపేది వేడి. 44 నంబరు బల్బు 0.25 ఆంపియర్లు తీసుకుంటుంది, 47 నంబరు 0.15. అరవై బల్బులున్న యంత్రంలో 44 తీసి 47 వేస్తే 15 ఆంపియర్లు 9కి దిగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కీ, అద్దానికీ, బల్బు హోల్డర్లకూ అది పెద్ద ఊరట.

మీ వ్యాసం 1977 తర్వాతి ఎలక్ట్రానిక్ బోర్డుల యంత్రాలను కూడా ఇందులోనే కలిపేసింది. వాటి రోగం వేరు. బ్యాలీ కంపెనీ బోర్డుకు టంకం వేసిన 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఏళ్లకు కారి, చుట్టూ రాగి దారులను తినేస్తుంది. యంత్రం పనిచేస్తున్నా సరే, మొదటిరోజే దాన్ని కత్తిరించి తీసేయాలి. కారింది క్షారం కనుక వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వాలి. పచ్చబారిన సాకెట్లు, తీగలు మిగిల్చితే లాభం లేదు, మార్చాల్సిందే. ఆ యంత్రాల స్కోరు డిస్‌ప్లేలకు 190 వోల్టుల దాకా ఉంటుంది, ఆపాక కూడా కెపాసిటర్‌లో మిగులుతుంది. కొత్తగా చెయ్యి పెట్టేవాళ్లు వీటితో మొదలుపెట్టకపోవడం మేలు.

హైదరాబాదుకు తిరిగి వెళ్తూ సామానుతో యంత్రాన్నీ పంపేవాళ్లున్నారు. అక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ముందు ట్రాన్స్‌ఫార్మర్ మీద 230 వోల్టుల ట్యాపు (వైరు కలిపే చోటు) ఉందేమో స్కీమాటిక్‌లో చూడండి. లేకపోతే వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, 750 వీఏ అయితే నిశ్చింత. స్టెప్‌డౌన్ వోల్టేజీని మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ని మార్చదు. కాబట్టి స్కోరు మోటారు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, యంత్రం ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాస్త ఎక్కువ వేడెక్కుతుంది.

వ్యాసం మొత్తాన్నీ సవరించమని అడగడం లేదు. స్ప్రే నూనె, పెద్ద ఫ్యూజు: ఈ రెండింటి మీద మాత్రం అదే పేజీలో, అందరికీ కనబడే చోట సవరణ వేయండి. ఆ పేజీని కత్తిరించి యంత్రం పక్కన అంటించుకున్నవాళ్లు ఉండి ఉంటారు.

భవదీయులు,
పాత పిన్‌బాల్ యంత్రాలు బాగుచేసే ఇద్దరు పాఠకులు,
నేపర్‌విల్, ఇల్లినాయ్