వీడియో ప్రదర్శన జమా ఖర్చులు, నాలుగు డబ్బా టీవీల సంగతి

విజయనగరంలో కళాకారులు సొంతంగా తీసిన పాత వీడియోల ప్రదర్శన రెండు రోజులు జరిగి అయిపోయింది, ఇప్పుడు లెక్క చెప్పాలి. 62 మంది ఇచ్చిన చందాలు 31,400 రూపాయలు. కమిటీలో ఐదుగురం తలా 2,000 వేసుకున్నాం. గుమ్మం దగ్గర డబ్బాలో 4,260 పడ్డాయి (చిరిగిన యాభై నోటుతో సహా, మార్చుకున్నాం). మొత్తం జమ 45,660.

ఖర్చులో పెద్దది, అందరూ అడుగుతున్నది, ప్రదర్శన హక్కుల రుసుము 14,500. "ఫోన్లో ఊరికే దొరికేదానికి డబ్బులెందుకు కట్టారు బాబూ" అని గంటస్తంభం దగ్గర ఒక పెద్దాయన నిలబెట్టి అడిగారు. దొరుకుతాయి, నిజమే. కానీ 1967లో సోనీ భుజాన తగిలించుకునే వీడియో రికార్డరు తెచ్చాకే స్టూడియో గడప తొక్కకుండా సొంతంగా వీడియో తీయడం కుదిరింది, 1975లో అమెరికా కళాకారిణి మార్తా రోస్లర్ వంటింటి సామాన్లను అక్షరక్రమంలో చూపిస్తూ తీసిన ఆరు నిమిషాల వీడియో లాంటివి అలా వచ్చినవే, వాటికి హాళ్లూ టికెట్లూ లేవు, తీసినవాళ్లకి కాస్తో కూస్తో ముట్టేది ఇలాంటి రుసుముల్లోంచే. స్వతంత్ర వీడియో అని బ్యానరు కట్టి దొంగ కాపీ వేయబుద్ధి కాలేదు. డబ్బు విదేశానికి పంపడానికి బ్యాంకు చార్జీలు ఇంకో 1,180.

హాలు అద్దె కరెంటుతో కలిపి 12,000. ప్రొజెక్టరు, సౌండు 8,000. బ్యానర్లు, కరపత్రాలు 3,150. రెండోరోజు సాయంత్రం కరెంటు పోయింది, జనరేటరుకి 2,300.

ఇక డబ్బా టీవీలు. 1963లో జర్మనీలోని వుప్పర్టాల్‌లో కొరియాలో పుట్టిన కళాకారుడు నామ్ జూన్ పైక్ 13 టీవీలు పెట్టి వాటిలో బొమ్మల్ని కావాలనే చెడగొట్టి చూపించాడు, వీడియో కళ కథ చాలామంది అక్కణ్నుంచే మొదలెడతారు. మా స్తోమతకి నాలుగే వచ్చాయి: పాత సామాన్ల కొట్లో ఒక్కోటి 350 చొప్పున 1,400, ఆటోకి 600. రెండేళ్ల తర్వాత ఆయనే టీవీ మీద పెద్ద అయస్కాంతం పెట్టి బొమ్మని వంకర్లు తిప్పాడు కదా, మనమూ చేద్దామని పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం పిల్లల చేతికిచ్చాం. ఆయన వాడింది బ్లాక్ అండ్ వైట్ టీవీ. మావి కలర్. అయస్కాంతం తీసేశాక కూడా తెర మీద ఆకుపచ్చ, గులాబీ మచ్చలు అలాగే ఉండిపోయాయి, ఒకటే టెన్షన్. మెకానిక్ వచ్చి తెర ముందు కాయిల్ తిప్పి మచ్చలు పోగొట్టి 900 తీసుకున్నాడు. అయస్కాంతం తెచ్చిన మా సభ్యుడు ఆ 900 తనే కడతానన్నాడు, మేం ఒప్పుకోలేదు, ఎందుకంటే రెండు రోజుల్లో జనం ఎక్కువసేపు నిలబడింది ఆ టీవీల దగ్గరే.

టీ, బిస్కెట్లు, పులిహోర 4,870. మొత్తం ఖర్చు 48,900. టీవీలు అదే కొట్లో ఒక్కోటి 200కి తిరిగిచ్చేస్తే 800 వచ్చింది, అది పోను లోటు 2,440. ఇది పులిహోర పంపినాయనకి బాకీ. సిరిమాను పండగ లోపు తీరుస్తామన్నాం, ఏ ఏడాది సిరిమాను అని నవ్వారు. రశీదులన్నీ ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. ఆటోది మాత్రం లేదు.