గృహిణి అన్న ఒక్క మాటతో సరిపెట్టొద్దు

ఎడిటర్ గారికి వందనాలు.

మా అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయి మూడు నెలలు దాటింది. అప్పుడు పేపర్లో శ్రద్ధాంజలి వేయించడానికి ఫారం నింపుతుంటే పేరు, వయసు, వృత్తి అని గళ్ళు ఉన్నాయి, వృత్తి దగ్గర తమ్ముడు గృహిణి అని రాసి ఫోటో జతచేసి ఇచ్చేశాడు, నేను పక్కనే ఉన్నాను, ఏమీ అనలేదు, అనే స్థితిలో ఎవరం లేము కూడా. మర్నాడు పొద్దున్నే పేపర్ తీసి చూశాను. అమ్మ నవ్వుతున్న ఫోటో, కింద పేరు, గృహిణి. అందులో అబద్ధం ఏమీ లేదు. అయినా ఆ మాట చూసినప్పటి నుంచి మనసులో ముల్లు దిగినట్టే ఉంది, అందుకే రాస్తున్నాను. మీ మీద ఫిర్యాదు కాదండి, ఆ గడి నింపింది మేమే.

మా ఇంట్లో పేపర్ నాన్న చదవడం అవ్వగానే పాత పేపర్ల కట్టలోకి వెళ్ళేది కాదు, అమ్మ చేతికి వెళ్ళేది. నేల మీద పరిచి, నాలుగు మూలలా ఏదో ఒక బరువు పెట్టి, స్కేలు, పెన్సిలు పట్టుకుని గీతలు గీసి ఫ్రాకులకీ చొక్కాలకీ కొలత కాగితాలు కత్తిరించేది. టైలరింగ్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాత బట్టల కుట్లు విప్పి ముక్కలు ముక్కలుగా పరిచి చూసి నేర్చుకుంది. చంక దగ్గర వంపు వచ్చినప్పుడు కత్తెర తిప్పేది కాదు, ఎడమ చేత్తో కాగితాన్నే మెల్లగా తిప్పేది, కత్తెర ఉన్నచోటే ఉండి కోసుకుంటూ పోయేది. ఊపిరి బిగబట్టి చూసేదాన్ని నేను. ఇప్పుడు నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ వంపు అలా రావట్లేదు.

అమ్మ పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే ఆ కాగితాలు అన్నీ ఒక గుడ్డ పీలికతో కట్టి ఉన్నాయి. లెక్కపెడితే 43. ప్రతిదాని మీదా ఒక పిల్ల పేరో పిల్లాడి పేరో, ఛాతీ, పొడుగు, భుజం, తారీఖు. చాలావరకు మా పేర్లు కావు, చర్చికి వచ్చే పిల్లలవి, ఇంటి చుట్టుపక్కల పిల్లలవి. మూలన ఎర్ర పెన్సిల్‌తో చిన్న సిలువ గుర్తు, కొన్నిటి మీద ఒకటి, కొన్నిటి మీద నాలుగైదు. మడత పెట్టాల్సిన చోటుకి గుర్తు అనుకున్నాను మొదట్లో. తర్వాత అమ్మ బైబిల్ వెనక ఖాళీ పేజీ చూశాను. పైన "కుట్టేటప్పుడు" అని రాసి ఉంది, కింద అవే పేర్లు, పక్కన ఒకటి రెండు మాటలు. ఒకరి దగ్గర జ్వరం. ఒకరి దగ్గర నాన్న ఉద్యోగం. ఒక పాప దగ్గర మాటలు రావాలి. అంటే ఎవరి బట్ట మెషిన్ మీద ఉందో వాళ్ళ కోసం ప్రార్థన చేసుకుంటూ కుట్టేదన్నమాట, చేసిన ప్రతిసారీ ఒక సిలువ పెట్టుకునేది. ఇన్నేళ్ళు అదే గదిలో పెరిగాను, మెషిన్ చప్పుడు వినిపించింది కానీ ఆ పెదాల కదలిక ఏంటో ఒక్కసారీ అడగలేదు.

బైబిల్ చదివేవాళ్ళకి యొప్పే ఊళ్ళో ఉన్న దొర్కా గుర్తుండే ఉంటుంది, తబితా అని కూడా అంటారు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో 36 నుంచి 42 వరకు ఏడే వచనాలు ఆవిడ కథ. జబ్బుచేసి చనిపోతే కడిగి మేడగదిలో పడుకోబెట్టి యేసు శిష్యుడు పేతురుకి కబురు పంపారు. ఆయన వచ్చేసరికి అక్కడున్న విధవరాళ్ళు ఏడుస్తూ ఏం చేశారంటే, దొర్కా తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలూ బట్టలూ తెచ్చి ఆయనకి చూపించారు. ఎన్నిసార్లో విన్నాను ఈ కథ, పేతురు మోకాళ్ళూని ప్రార్థన చేస్తే ఆవిడ కళ్ళు తెరిచిందనే చోటే నాకు గుర్తుండేది. ఇప్పుడు ఆ బట్టల దగ్గరే ఆగిపోతున్నాను. దొర్కా మాట్లాడిన మాట బైబిల్లో ఒక్కటీ లేదు, భర్త ఉన్నాడో పిల్లలున్నారో తెలీదు, కుట్టిన బట్టలు మాత్రం ఉన్నాయి. మా అమ్మ జ్ఞాపకార్థ కూడికలో జీవిత చరిత్ర చదివారు, పుట్టింది, బాప్తిస్మం, పెళ్ళి, పిల్లలు ఇంతమంది, ప్రభువునందు నిద్రించిన తేదీ. రాసిచ్చింది నేనే. చేతిలో ఒక్క గుడ్డ ముక్క తీసుకెళ్ళి ఇదిగో ఇది మా అమ్మ చేసింది అని చూపించాలనే ఆలోచన నాకు రాలేదు.

అమ్మకి భక్తి వేరు, చేతిపని వేరు కాదు. బైబిల్లో నిర్గమకాండం 31లో దేవుడు బెసలేలు అనే పనివాణ్ణి తన ఆత్మతో నింపింది బంగారం, వెండి, ఇత్తడి పని చెయ్యడానికి, రాళ్ళు చెక్కడానికి, కర్ర చెక్కడానికి అని మాటిమాటికీ చెప్పేది. 35వ అధ్యాయంలో ఆడవాళ్ళు చేతులతో వడికి నీలం, ఊదా, ఎరుపు నూలు తెచ్చారని ఉంటుంది కదా, ఆ మూడు రంగుల దారాలే ఏరుకుని చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డకి అంచు కుట్టింది, రెండు చలికాలాలు పట్టింది. వెనక తిప్పి చూస్తే ముందువైపు ఎలా ఉందో వెనకా అంతే శుభ్రంగా ఉంటుంది, ముడి ఒక్కటి కనపడదు. వెనక ఎవరు చూస్తారమ్మా అంటే ఆయన చూస్తాడు అనేది, అంతే, ఇంకేం వివరించేది కాదు. ఆదివారం మాత్రం మెషిన్ మీద దుప్పటి కప్పేసేది.

ఇక క్రిస్మస్ నాటకం వచ్చిందంటే ఇల్లంతా చెల్లాచెదురే. ఒక ఏడు దేవదూతల రెక్కలకి డబ్బుల్లేవు అన్నారు. నాన్న పాత ఎక్స్‌రే షీట్లు అమ్మ తీసి బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి రుద్ది రుద్ది కడిగింది, నల్లదనం పోయి లేత నీలం రంగు షీట్లు వచ్చాయి, వాటిని ఈకల ఆకారంలో కోసి ఒకదాని మీద ఒకటి దారంతో కుట్టి తీగకి కట్టింది. స్టేజీ లైటు పడగానే ఆరుగురు పిల్లల వెనక ఆ నీలం మెరిసింది, హాలంతా ఒక్కసారి నిశ్శబ్దం అయిపోయింది. పాటలు కూడా తనే రాసేది. ఆ కాగితాల మీద ఎక్కడా తన పేరు లేదు, అందుకే ఇప్పుడు పిల్లలు పాడుకునేవాటిలో ఏవి అమ్మవో నాక్కూడా కచ్చితంగా తెలీట్లేదు, అదొక దిగులు.

ఇంకొకటి చెప్పాలి, చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి నిజం కాదు. నాకు పధ్నాలుగేళ్ళప్పుడు పసుపు రంగు ఫ్రాకు కుట్టింది, ఛాతీ దగ్గర తేనెపట్టు కుట్టు, కుచ్చులన్నీ చేత్తో లెక్కపెట్టి లాగినవి. క్లాసులో అందరూ రెడీమేడ్ వేసుకుంటున్నారు, నాకిది వద్దు, అందరూ నవ్వుతారు అన్నాను. కోప్పడుతుంది అనుకున్నాను. కోప్పడలేదు, బతిమాలలేదు కూడా. రాత్రి లేచి చూస్తే బల్బు కింద కూర్చుని బ్లేడుతో కుట్లు విప్పుతోంది, ఒక్కొక్క పోగు లాగి పక్కన పెడుతోంది. వారం తిరక్కుండా దాన్ని ఎవరో చిన్నపిల్లకి సరిపోయేలా మళ్ళీ కుట్టి ఇచ్చేసింది, ఎవరికో నేను అడగలేదు, తను చెప్పలేదు. ఆ 43 కాగితాల్లో ఆ ఫ్రాకుది ఉంది, నా పేరు, ఆ ఏటి తారీఖు. మూలన సిలువలు పదకొండు. అన్నిటికన్నా ఎక్కువ నా దాని మీదే.

ఈ మధ్య నిద్రపట్టక చదువుతుంటే హ్యారియెట్ పవర్స్ అనే ఆవిడ గురించి తెలిసింది. అమెరికాలో జార్జియాలో 1837లో బానిసగా పుట్టింది, పిల్లల తల్లి, ఇల్లు చూసుకుంటూ గుడ్డ ముక్కలు అతికి బైబిల్ కథలతో బొంతలు కుట్టింది. ఆదాము హవ్వ, యాకోబు కల, యేసు బాప్తిస్మం, అన్నీ గుడ్డ బొమ్మలే. ఇబ్బందుల్లో పడి 1891లో ఒక బొంతని 5 డాలర్లకి అమ్మేసుకుంది, తర్వాత దాన్ని చూసుకోవడానికి వెళ్ళేదట. కొన్న జెన్నీ స్మిత్ అనే ఆవిడ మంచి పని చేసింది, ఒక్కొక్క గడిలో ఏముందో హ్యారియెట్‌ని అడిగి రాసి పెట్టింది. ఆ బొంత ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది, ఇంకోటి బోస్టన్ మ్యూజియంలో ఉంది. ఒకరు అడిగి రాసుకున్నారు కాబట్టి ఇన్నేళ్ళకి ఇంత దూరాన నాకు ఆవిడ మనసులో మాట తెలిసింది. మా అమ్మని అలా కూర్చోబెట్టి అడిగినవాళ్ళు లేరు.

ఇంట్లో ఆడవాళ్ళు చేసేదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, జీడీపీలో కూడా ఇంటి చాకిరీ లెక్కకి రాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ఇచ్చిన రిపోర్టులో ప్రపంచం మొత్తం మీద జీతం లేని ఇంటిపని, సంరక్షణ పని రోజుకి 1,640 కోట్ల గంటలు అని ఉంది, అందులో నాలుగింట మూడొంతుల పైన ఆడవాళ్ళదే. అందులో మా అమ్మ బ్లేడుతో కుట్లు విప్పిన రాత్రి కూడా ఉంటుంది కదా అనుకుంటాను. బైబిల్లో సామెతల గ్రంథం 31లో గుణవతి గురించి ఉన్న కవిత హెబ్రీ అక్షరమాల వరసలో రాసింది, 22 అక్షరాలకి 22 వచనాలు, చివరి మాట ఏంటంటే గవునుల దగ్గర ఆవిడ పనులే ఆవిడని పొగుడుతాయని. ఆ కాలంలో గవిని అంటే ఊరి ద్వారం, పదిమంది కూడేచోటు, పెద్దలు కూర్చునే చోటు. ఈ రోజుల్లో ఆ గవిని మీ పేపరే అని నా ఉద్దేశం.

అందుకని నా విన్నపం ఇది. శ్రద్ధాంజలి ఫారంలో వృత్తి గడి కింద ఇంకో గీత ఇవ్వండి, చేతులతో చేసినవి అని. వీలైతే మనిషి ఫోటో పక్కన ఆవిడ చేసిన ఒక్క వస్తువు ఫోటోకి చోటివ్వండి, అల్లిన స్వెట్టరో, వేసిన బొమ్మో, రాసిన పాట కాగితమో. ఏ మతం వాళ్ళైనా సరే, అందరి ఇళ్ళలోనూ ఇలాంటి అమ్మలు ఉన్నారు. మదర్స్ డే కూడా ఒక కూతురి బాధలోంచే పుట్టింది, 1905లో తల్లి పోతే అన్నా జార్విస్ 1908 మే 10న అమెరికాలో వెస్ట్ వర్జీనియాలో గ్రాఫ్టన్ అనే ఊళ్ళో, వాళ్ళమ్మ సండే స్కూల్ చెప్పిన చర్చిలోనే ఆరాధన జరిపించింది, 1914లో అది జాతీయ దినం అయింది. తర్వాత అదంతా అచ్చు కార్డుల వ్యాపారం అయిపోయిందని ఆ అన్నా జార్విస్ తనే పోరాడింది. ఆ రోజు పేపర్లో వేసే శుభాకాంక్షల్లో సగం తగ్గించి అలాంటి ఫోటోలు పది వేసినా చాలండి. పాఠకులకి కూడా ఒక మాట, అమ్మ ఉండగానే అడగండి, ఇది ఎప్పుడు చేశావు, ఎవరి కోసం చేశావు అని, ఫోన్లో రికార్డు చేసుకోండి.

ఆ కట్టలో అన్నిటికన్నా పైన ఉన్న కాగితం మా పాపది. తారీఖు చూస్తే అమ్మ హాస్పిటల్‌కి వెళ్ళడానికి నాలుగు రోజుల ముందుది. ఛాతీ రాసింది, పొడుగు రాసింది, చెయ్యి పొడుగు దగ్గర చిన్న గీత గీసి ఖాళీగా వదిలేసింది, పాప వచ్చాక కొలిచి రాద్దామని అయ్యుంటుంది. మూలన ఎర్ర సిలువ మాత్రం ఒకటి ఉంది. నిన్న పాపని నిలబెట్టి టేపు పెట్టి కొలిచి ఆ గీత మీద నేను రాశాను, అమ్మ అంకెల పక్కన నా అంకె. గుడ్డ ఇంకా కత్తిరించలేదు.

ఇట్లు
ఒక కూతురు, మీ పాఠకురాలు