చెట్టు ఉంది, చీటీ పోయింది

సంపాదకుడి గారికి నమస్కారం.

వృక్షోద్యానం గురించి పత్రికల్లో వార్త కనబడిందంటే అది పూల ప్రదర్శనో, టికెట్ పెంపో, కొత్తగా పెట్టిన రంగుల దీపాలో అయి ఉంటుంది. అక్కడి మొక్కల లెక్క ఎవరు రాస్తున్నారు, ఎలా రాస్తున్నారు అన్నది ఎవరికీ పట్టదు. అది పట్టించుకోవాల్సిన సంగతే అని ఈ ఉత్తరం.

ఒక తోటలో ఈమధ్య ఓ పెద్ద చెట్టు ముందు ఆగాను. ఎప్పుడో మొక్కగా ఉన్నప్పుడు కట్టిన తీగ బోదెలోకి దిగబడిపోయి ఉంది. దానికున్న అల్యూమినియం రేకును సగం బెరడు మింగేసింది. మిగతా సగంలో రెండంకెలు, ఒక గీత. అక్కడి తోటమాలిని అడిగితే, "పాతాయనకు తెలుసండీ, ఆయన రిటైరైపోయారు" అన్నాడు. పాత రిజిస్టర్లో వెతికిద్దామంటే దాన్ని ఎప్పుడో చెదలు తినేశాయట.

పోయింది పేరొక్కటే అయితే నేనింత బాధపడను. పువ్వు పూసినప్పుడు తెలిసినవాళ్లు చూసి చెప్పేస్తారు. ఆ రేకు మీది నంబరు పట్టుకుని రిజిస్టరు తెరిస్తే ఆ విత్తనం ఏ అడవిలో, ఏ వాగు ఒడ్డున, ఏ ఏడాది, ఎవరు ఏరారో తెలిసేది. ఆకు చూసి ఆ సంగతి ఎవరూ చెప్పలేరు. రేపు ఆ జాతిని తిరిగి అడవిలో నాటాలంటే మొదట అడిగేది అదే.

తిరిగి నాటే రోజు వస్తుందా అని అనుమానం రావచ్చు. అమెరికాలో అల్టమహా నది ఒడ్డున 1765లో బార్ట్రమ్‌లనే తండ్రీకొడుకులు ఒక చెట్టు చూశారు. ఫ్రాంక్లీనియా అని తర్వాత పేరు పెట్టారు. 1803 తర్వాత అడవిలో దాన్ని చూసినవాళ్లు లేరు. ఇవాళ లోకంలో ఉన్నవన్నీ వాళ్ల తోట నుంచి వచ్చిన సంతతే. దక్షిణాఫ్రికాలో 1895లో దొరికిన ఎన్సెఫలార్టోస్ వుడియై అనే సైకడ్‌ది (చూడ్డానికి ఈతచెట్టులా ఉండే ఒక రకం మొక్క) ఇంకా దీన గాథ. దొరికింది ఒకే ఒక మగ మొక్క, ఆడది నేటికీ కనబడలేదు. తోటల్లో ఉన్నవన్నీ దాని పిలకల నుంచి వచ్చినవే. ప్రపంచంలోని మొక్కల జాతుల్లో దాదాపు 30 శాతం ఏదో ఒక వృక్షోద్యానంలో ఉన్నట్టు 2017లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. ఇంత ఆస్తిని మనం పార్కు పద్దులో రాసుకుంటున్నాం.

గింజలు దాచుకుంటే సరిపోదా అంటారు. చాలావాటికి సరిపోతుంది, ఆరబెట్టి మైనస్ 20 డిగ్రీల దగ్గర పెడితే ఏళ్ల తరబడి ఉంటాయి. కానీ మామిడి, పనస, ఓక్ లాంటి వాటి గింజ ఎండితే చచ్చిపోతుంది. వాటిని చెట్టుగానే కాపాడుకోవాలి. పైగా తోటలో కాసిన గింజను నమ్మడం కష్టం. అడవిలో ఎన్నడూ కలవని రెండు జాతులు తోటలో పక్కపక్కనే ఉంటాయి. తేనెటీగకు ఆ తేడా తెలియదు కదా, మొలిచేది సంకరం కావచ్చు. అందుకే తెలిసిన తోటమాలి గింజ కన్నా అంటునో, కొమ్మనో నమ్ముకుంటాడు. అలాంటివాళ్లు రిటైరయ్యాక ఆ ఖాళీల్లో కాంట్రాక్టు మీద గడ్డి కోసేవాళ్లను పెడుతున్నారు. గడ్డి మాత్రం బాగుంటోంది.

ఏదైనా ఒకేచోట ఉంటే ఒక్క రాత్రి చాలు. 1943 మార్చిలో బాంబు దాడికి ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే బెర్లిన్ హెర్బేరియం తగలబడి లక్షల ఎండు నమూనాలు బూడిదయ్యాయి. అంతకుముందే, 1929 నుంచి, చికాగో ఫీల్డ్ మ్యూజియం తరఫున ఒకాయన అక్కడ కూర్చుని ముఖ్యమైన నమూనాలకు ఫొటోలు తీశాడు. కాలిపోయిన ఎన్నో నమూనాలకు ఇవాళ మిగిలిన ఆనవాలు ఆ ఫొటోలే. బతికున్న మొక్కకూ అంతే. ప్రతి అరుదైన జాతికీ ఒక అంటు వేరే ఊళ్లోని తోటలో ఉండాలి, రిజిస్టరుకు ఒక నకలు వేరే భవనంలో ఉండాలి.

తోటలు నడిపేవారిని మీ పత్రిక ఒక ప్రశ్న అడగాలని నా కోరిక: మీ దగ్గర ఉన్న మొక్కల్లో ఎన్నింటికి పుట్టిన చోటు రాసి ఉంది? జవాబు వచ్చేలోగా, చెట్లకు బిగిసిపోయిన ఆ తీగలను వదులు చేయించమనండి. దానికి బడ్జెట్ రానక్కర్లేదు, ఒక కటింగ్ ప్లేయరు చాలు.

ఇట్లు,
మీ పాఠకురాలు