మన ఊరి గూఢచారి కథకు కాగితాలు తార్నాకలో ఉన్నాయి

సంపాదకులు గారికి,

రెండో ప్రపంచ యుద్ధం ముందునాటి గూఢచారి సిరీస్‌లు వస్తే మన పిల్లలు తెల్లవార్లూ మేలుకొని చూస్తున్నారు. చూడనివ్వండి, నాకూ ఇష్టమే. కానీ ఆ కాలపు అసలు గూఢచారుల్లో ఒకడు మన హైదరాబాద్ చరిత్రలోనూ ఉన్నాడని వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

సిడ్నీ కాటన్ ఆస్ట్రేలియా పైలట్. 1939లో బ్రిటిష్ గూఢచారి శాఖ కోసం వ్యాపారి వేషంలో జర్మనీ వెళ్లాడు. లాక్‌హీడ్ విమానం అడుగున కెమెరాలు దాచి సైనిక స్థావరాలను ఫొటోలు తీశాడు. యుద్ధానికి కొద్ది రోజుల ముందు బెర్లిన్ నుంచి బయటపడ్డాడు. 1948లో అదే మనిషి కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో, రాత్రిపూట, నిజాం సర్కారుకు ఆయుధాలు చేరవేశాడు. అవి దిగింది బీదర్‌లో, వరంగల్‌లో, మన హకీంపేటలో. ఇంత చేసినందుకు తర్వాత బ్రిటన్‌లో ఆయనకు పడింది 200 పౌండ్ల జరిమానా!

1947 నవంబర్ 29న నిజాంకు, భారత ప్రభుత్వానికి మధ్య, ఉన్న ఏర్పాట్లే సాగాలన్న యథాతథ ఒప్పందం కుదిరింది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ మీదికి కదిలింది, దాన్నే పోలీసు చర్య అన్నారు. ఈ మధ్య నెలలన్నీ టెన్షన్‌తో నిండినవే. హైదరాబాద్‌లో భారత ప్రభుత్వ ప్రతినిధి (ఏజెంట్ జనరల్) కె.ఎం.మున్షీ బొల్లారంలో కూర్చొని ఢిల్లీకి కబుర్లు పంపుతున్నారు. సరిహద్దు అవతల నిజాం వ్యతిరేకుల క్యాంపులు. ఇవతల పల్లెల్లో అజ్ఞాత దళాలకు చీటీలు మోసిన కొరియర్లు, వాళ్లలో ఆడవాళ్లూ ఎందరో. సెప్టెంబర్ 17న నిజాం లొంగుబాటు జరిగిన మూడో రోజున, 20న, లండన్ బ్యాంకులోని నిజాం సర్కారు సొమ్ము 10 లక్షల పౌండ్లకు పైగా పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మారింది. ఆ తగవు 2019లో గానీ బ్రిటన్ హైకోర్టులో తేలలేదు.

ఇప్పుడు ఈ కాలం మీద సినిమాలు, నవలలు వస్తున్నాయి. నా భయమల్లా వాటి గురించే. పరిశోధన లేకుండా థ్రిల్లర్ తీస్తే, టోపీ పెట్టుకున్న ప్రతివాడూ విలన్ అయిపోతాడు. ఉర్దూ పత్రిక ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఏ వైపు మనిషి మరి? నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం రజాకార్లను ఎదిరించి, ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో కాచిగూడలో ఆయన్ని చెయ్యి నరికి చంపారు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. అలాగే పోలీసు చర్య తర్వాత ముస్లింలపై జరిగిన హత్యల గురించి భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు జనానికి అందనే లేదు. రజాకార్ల దౌర్జన్యాలు చూపాల్సిందే, దాచమని ఎవరూ అనరు. ఇవి కూడా చూపాలి కదా!

కాగితాలు లేవా అంటే, ఉన్నాయి. నిజాం సర్కారు రికార్డులు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎక్కువ భాగం ఉర్దూ, పారసీ. ఆ చేతిరాత చదవగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. స్కానింగ్ పని జరుగుతుండటం సంతోషమే. కానీ బొమ్మ తీసి కంప్యూటర్‌లో పెట్టినంత మాత్రాన నల్లగొండ నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థికి అది అర్థం కాదు. యూనివర్సిటీల ఉర్దూ శాఖల్లో చదివిన పిల్లలు ఉద్యోగాల కోసం తిరుగుతున్నారు. వాళ్లను ఈ పనిలో పెట్టుకోవచ్చు.

ప్రభుత్వం ముందుగా ఆ పది నెలల ఫైళ్ల జాబితాను తెలుగులో ఆన్‌లైన్‌లో పెట్టాలి. తర్వాత ముఖ్యమైన ఫైళ్లకు తెలుగు అనువాదాలు, వీలైనంత చవకగా, పుస్తకాలుగా తేవాలి. ఏటా సెప్టెంబర్ 17 వేడుకలకు పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లించినా పని మొదలవుతుంది. సినిమా వాళ్లు, రచయితలు కూడా స్క్రిప్టుకు కూర్చునే ముందు ఒకసారి తార్నాక వెళ్లి రావాలని నా మనవి.

– రిటైర్డ్ చరిత్ర లెక్చరర్, సీతాఫల్‌మండి, హైదరాబాద్